ఉక్కు మిల్లు మోతలో సింఫనీ

రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని స్వరకర్త లియొనార్డో బలాడా ఆర్కెస్ట్రా కోసం రాసిన ‘స్టీల్ సింఫనీ’ విన్నాను. హాయిగా పాడుకునే ట్యూన్ కోసం చూస్తే నిరాశే. ఇత్తడి వాద్యాలు ఒక్కసారిగా గర్జిస్తాయి, డ్రమ్ములు సమ్మెట దెబ్బల్లా పడతాయి. సగానికే తల దిమ్మెక్కింది, అయినా ఆపబుద్ధి కాలేదు.

ఆయనది స్పెయిన్‌లోని కాటలోనియా. 1933లో బార్సిలోనా దగ్గర పుట్టి, 1956లో న్యూయార్క్ వెళ్లి, జూలియర్డ్ సంగీత కళాశాలలో చదివారు. 1970 నుంచి పిట్స్‌బర్గ్‌లో, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. అక్కడి ఉక్కు మిల్లులే 1972లో ఈ సింఫనీ రాయించాయి. కొత్త ఊరి రొదను విసుక్కోకుండా ఆర్కెస్ట్రాకి ఎక్కించడం నాకు భలే నచ్చింది.

1989లో ఆయన రాసిన కొలంబస్ ఒపెరాని (పాటలతో నడిచే నాటకం) బార్సిలోనాలోని లిసేయు ఒపెరా హౌస్‌లో పేరున్న గాయకులు కరేరాస్, కబాయే పాడారు. సొంతగడ్డ మీద అంతకంటే ఏం కావాలి! ఈ వారం అదే వింటా, కరేరాస్ గొంతు కోసమైనా.