మా గుంటడి ఫుట్‌బాల్ రిజిస్ట్రేషన్: నా అనుభవం

నిన్న సాయంత్రానికి పని పూర్తయింది. కడుపుమంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

మాది ఒడిశాలోని బరంపురం. 2024 ఏప్రిల్ 23న మా గుంటణ్ణి భువనేశ్వర్ కళింగ స్టేడియానికి తీసుకెళ్ళా. ఐఎస్ఎల్ (దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్) సెమీఫైనల్, మా ఒడిశా ఎఫ్‌సీకి కోల్‌కతా మోహన్ బగాన్‌తో. మూడో నిమిషానికే వాళ్ళు గోల్ కొట్టేశారు. తర్వాత డెల్గాడో ఒకటి, రాయ్ కృష్ణ ఒకటి వేసి ఒడిశాని 2-1తో గెలిపించారు. రెండో మ్యాచ్‌కి కోల్‌కతా వెళ్ళి 0-2తో ఓడారనుకోండి, ఆ ఏడుపు వేరే. తిరుగు రైల్లోనే వీడు తేల్చేశాడు, నేనూ ఆడతానని.

సెలక్షన్ ఒక్క పూటలో అయిపోయింది. ఎడమ కాలు బాగుందన్నారు (నా పోలికే). ఫుట్‌బాల్ ఫెడరేషన్ సీఆర్ఎస్‌లో (ఆటగాళ్ళ ఆన్‌లైన్ రిజిస్టర్) పేరెక్కించడానికి పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, రెసిడెంట్ సర్టిఫికెట్ తెమ్మన్నారు క్లబ్ వాళ్ళు.

అక్కడ పడింది పీటముడి. తొలి కాన్పు కదా, మా ఆవిడ ఇచ్ఛాపురం పుట్టింట్లో కంది. పుట్టిన కాగితం ఆంధ్రాది, అందులో ఇంటిపేరు ముందు. ఆధార్ ఇక్కడిది, ఇంటిపేరు వెనక.

రెసిడెంట్ సర్టిఫికెట్ కోసం ఆఫీసుకి వెళ్ళా, దాని పేరు రాయను. గుమాస్తా ఆ కాగితం మీది తెలుగు అక్షరాలు చూసి, వెనక బల్ల వైపు తిరిగి, "మౌసా, మరో ఆంధ్రా కేసు" అని అరిచాడు. లైన్లో వాళ్ళంతా నవ్వారు. "మీ ఊళ్ళో ఆడుకోక మా పిల్లల చోటుకి పోటీ ఎందుకు?" అన్నాడు. గుంటడు నా చెయ్యి వదిలేసి గోడ పక్కకి పోయాడు. నాకు ఒడియా వాడికంటే బాగా వచ్చు, అయినా నోరు పెగల్లేదు. "ఆజ్ఞా (అయ్యా), మాది ఇక్కడే" అని మాత్రం అన్నా.

ఏమని చెప్పను? 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మా ముత్తాత కట్టిన ఇల్లు కట్టినచోటే ఉంది. సరిహద్దే మాకూ మా అత్తారికీ మధ్య వచ్చి కూర్చుంది.

ఇంటి పన్ను రసీదు తెమ్మన్నాడు. తెస్తే, అది తాత పేరు మీద ఉంది, వారసుల కాగితం ఏదన్నాడు. నాలుగోసారి వెళ్తే వాడు సెలవు. పక్క సీటాయన పది నిమిషాల్లో పని కానిచ్చాడు!

అసలు ఒడిశా ఎఫ్‌సీ ఎక్కడిదండీ? 2019 దాకా ఢిల్లీ డైనమోస్. 2022లో కప్పు కొట్టి మనల్ని ఎగిరేలా చేసిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీ వెళ్ళిపోయింది. రాయ్ కృష్ణది ఫిజీ. వాళ్ళనెవడైనా వారసుల కాగితం అడిగాడా?

మీకూ ఇలాంటిదే ఉంటే, రెండు పేర్లూ ఒక్కడివే అని నోటరీ అఫిడవిట్ ముందే రాయించుకోండి. గేటు దగ్గరి బ్రోకర్లకి పైసా ఇవ్వకండి, ఒకడు నా దగ్గర 500 తీసుకుని పుట్టిన నెలే తప్పు రాశాడు. పురుటికి పుట్టింటికి వెళ్ళకుండా ఉండాల్సిందని ఇంట్లో అనకండి, నేను అని చూశాను.

ఇంతా చేస్తే, ఆటగాడి కార్డులో పేరుండాల్సిన చోట ఇంటిపేరు పడింది. మళ్ళీ ఆఫీసా అని తల పట్టుకుంటే, గుంటడు కార్డు లాక్కుని, "ఉండనీ నాన్నా, షర్టు మీద ఎలాగూ అదేగా వేసేది" అన్నాడు.