పద్దెనిమిది నిండితే ఎక్కడికి?

పర్లాకిమిడిలో మా ఇంటి దగ్గర బాలికల సంరక్షణ గృహంలో ఆదివారాలు లెక్కలు చెబుతాను. ప్లస్ టూ చదివే ఒకమ్మాయికి త్రికోణమితి ఇట్టే వస్తుంది. కానీ సగం లెక్కలో పెన్ను ఆపేసి, "అక్కా, పద్దెనిమిది నిండాక నన్నెక్కడికి పంపిస్తారు?" అంటుంది. ఆ టెన్షన్‌తో ఏ పిల్లకి చదువెక్కుతుంది?

2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం గృహం నుంచి బయటికొచ్చాక కూడా 21 ఏళ్లదాకా సాయం అందించవచ్చు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం కింద నెలకు 4,000 రూపాయల ఏర్పాటుంది. ఈ మాట పిల్లలకు పదో తరగతిలోనే చెప్పాలి. ఆధార్, కుల ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా అప్పుడే సిద్ధం చేయాలి. ఆఖర్న పరుగెడితే అడ్మిషన్ చేజారుతుంది.

మొన్న ఆ అమ్మాయే ఈ సాయానికి దరఖాస్తు నింపింది, నేను పక్కన కూర్చున్నానంతే. ఇప్పుడు బరంపురంలో డిగ్రీ సీటు, హాస్టలు సంగతి కనుక్కుంటున్నాం.