లిఫ్ట్ కిట్ కంటే ముందు కింగ్‌పిన్ బేరింగులు

పాత ఫోర్ బై ఫోర్ చేతికొచ్చిందంటే చాలు, అందరి ధ్యాసా ఎత్తు మీదికే పోతుంది. ఎంత లిఫ్ట్ చెయ్యొచ్చు, ఎంత పెద్ద టైర్లు పడతాయి, విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో బయటికి లాగే యంత్రం) పెట్టాలంటే ఏ బంపర్ మంచిది, ఇవే ప్రశ్నలు. నాకూ ఆ సరదా ఉంది, లేదనను. కానీ 30 ఏళ్లు తిరిగిన బండికి పెద్ద టైర్లు వెయ్యడమంటే అప్పటికే అరిగిపోయిన ప్రతి జాయింటు మీదా ఇంకాస్త భారం మోపడమే. అందుకే స్టీరింగ్, బ్రేకులు, సీళ్లు దారికొచ్చేదాకా నేను లిఫ్ట్ జోలికి వెళ్లలేదు. ఎవరడిగినా అదే చెప్తాను, కొంచెం గట్టిగానే చెప్తాను.

నాది మారుతీ జిప్సీ. ఇండియాలో 1985లో వచ్చింది, మొదట్లో 970 సీసీ కార్బ్యురేటర్ ఇంజిన్, తర్వాత 1.3 లీటర్. ఇదే బండిని వేరే దేశాల్లో ఎస్‌జే410, ఎస్‌జే413, సమురాయ్ అనే పేర్లతో అమ్మారు కాబట్టి, ఎక్కడ ఎవరు విప్పినా లోపల కనిపించేది దాదాపు ఇదే సరుకు. ల్యాడర్ ఛాసిస్ (నిచ్చెన లాంటి ఇనప చట్రం), నాలుగు చక్రాలకీ కమాన్ పట్టీలు, ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు), ఇంజిన్ లాగుడుని ముందు వెనక యాక్సిళ్లకి పంచే, గేర్‌బాక్స్‌కి అతుక్కోకుండా విడిగా వేలాడే ట్రాన్స్‌ఫర్ కేస్. కిందకి దూరి చూస్తే ఏది దేనికి బిగించి ఉందో కళ్ల ముందే ఉంటుంది. ఇంట్లో నేర్చుకుంటూ పని చేసుకోవడానికి ఇంతకంటే మంచి బండి దొరకదని నా నమ్మకం.

నేను మొదట పట్టుకున్నది వాబ్లింగ్. యాభై అరవైలో పోతున్నప్పుడు ముందు చక్రం ఒక గుంతలో పడితే స్టీరింగ్ కుడికీ ఎడమకీ కొట్టుకోవడం మొదలుపెడుతుంది, బాగా స్లో చేస్తే తప్ప ఆగదు. సాలిడ్ యాక్సిల్ ఉన్న పాత బండ్లు నడిపిన వాళ్లందరికీ తెలిసిన భయమే ఇది. సామాన్యంగా ఏం చేస్తారంటే కొత్త స్టీరింగ్ డ్యాంపర్ బిగించి పంపిస్తారు. కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది. డ్యాంపర్ చేసేది ఊపుని అణచడమే, ఊపు పుట్టే చోటుని బాగు చెయ్యడం దాని పని కాదు. నా బండికి కూడా కొనేటప్పటికే కొత్త డ్యాంపర్ ఉంది, దాని పక్కనే ఎప్పటిదో తెలియని టై రాడ్ ఎండ్ (ముందు చక్రాలు రెండింటినీ కలిపే కడ్డీ చివరి జాయింటు), రబ్బరు చిరిగి లోపల గ్రీజు గట్టిపడిపోయి.

ప్లే, అంటే వదులు, ఎక్కడుందో కనుక్కోవడానికి బండి నేల మీదే ఉండాలి, చక్రాల మీద బరువుండాలి. మా తమ్ముడిని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, ఇంజిన్ ఆపి, అటు కొంచెం ఇటు కొంచెం తిప్పుతూ ఉండమని నేను కింద పడుకున్నాను. ఒక్కో జాయింటు మీద చెయ్యి వేసి పట్టుకుంటే, రాడ్ కదిలాక నకిల్ (స్టీరింగ్‌తో పాటు చక్రాన్ని తిప్పే యాక్సిల్ చివరి భాగం) కాస్త ఆలస్యంగా కదిలే చోటు వేళ్లకి తెలిసిపోతుంది, కంటికంటే చెయ్యే నయం. డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాల వైపు వచ్చే కడ్డీ), టై రాడ్, స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కి పట్టే బోల్టులు అన్నీ ఇలాగే చూశాను. తర్వాత యాక్సిల్ కింద జాక్ పెట్టి, పక్కన స్టాండ్ కూడా పెట్టి (ఒట్టి జాక్‌ని నమ్మి బండి కింద ఎవరూ దూరొద్దు, ఈ ఒక్క విషయంలో బేరాల్లేవు), టైరుని పైనా కిందా పట్టుకుని ఊపితే టక్ టక్‌మంది. అది వీల్ బేరింగ్ కావచ్చు, కింగ్‌పిన్ (నకిల్ అటూ ఇటూ తిరగడానికి పైనా కిందా ఆధారమైన పిన్ను) బేరింగ్ కావచ్చు. తేల్చుకోవడానికి చిన్న ఉపాయం ఉంది, ఎవరినైనా బ్రేక్ తొక్కి పట్టుకోమనాలి. బ్రేక్ పడితే హబ్ (చక్రం బిగించే భాగం), నకిల్ ఒకటైపోతాయి కాబట్టి ప్లే మాయమైతే తప్పు వీల్ బేరింగ్‌ది, అలాగే ఉంటే కింగ్‌పిన్‌ది.

"తొక్కావా?" అన్నాను.

"తొక్కే ఉన్నా అన్నా."

టైరు ఇంకా ఊగుతూనే ఉంది.

సరే, విప్పాల్సిందే. చక్రం, క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం), హబ్, స్పిండిల్ (హబ్ తిరిగే గొట్టం లాంటి ముక్క) వరసగా వచ్చేశాక యాక్సిల్ షాఫ్ట్ చివర ఉన్న జాయింటుతో సహా బయటికి లాగాలి, లోపలి ఆయిల్ సీల్‌కి గీసుకోకుండా నిదానంగా, చేత్తో కింద నుంచి ఆనుగా పట్టుకుని. క్యాలిపర్‌ని బ్రేక్ గొట్టానికి వేలాడదియ్యకుండా తీగతో పట్టీకి కట్టెయ్యాలి. నకిల్ లోపల గ్రీజు ఉండాల్సిన చోట నాకు పల్చటి గోధుమరంగు ద్రవం కనిపించింది. అంటే యాక్సిల్ లోపలి సీల్ పోయి, డిఫరెన్షియల్‌లోని గేర్ ఆయిల్ ఇక్కడికి చేరి గ్రీజుని కడిగేసిందన్నమాట. బయట నుంచి చూసే వాళ్లకి ఇది నకిల్ వెనక గుండు మీద జిడ్డుగా, మట్టి పట్టి కనిపిస్తుంది, చాలామంది అది మామూలే అనుకుని వదిలేస్తారు.

పైనా కిందా కింగ్‌పిన్‌లకి నాలుగేసి బోల్టులు. వాటి కింద సన్నటి షిమ్‌లు (పల్చటి రేకు ముక్కలు) ఉంటాయి, పైవి పైన, కిందవి కింద, విడివిడి కవర్లలో పేరు రాసి పెట్టుకోవాలి. కింగ్‌పిన్ లాగి, బేరింగ్ తీసి, రేస్‌ని (రోలర్లు ఆనే ఉక్కు రింగుని) డీజిల్‌తో కడిగి టార్చి వెలుగులో చూస్తే అసలు సంగతి బయటపడింది. నున్నగా మెరవాల్సిన రేస్ మీద రోలర్లు ఉన్న చోటల్లా గాట్లు, రోలర్‌కొకటి చొప్పున, సమాన దూరంలో. గోరు పెట్టి లాగితే ప్రతి గాటు దగ్గరా గోరు ఆగింది.

ఈ గాట్లు ఎందుకు పడతాయో తెలిస్తే రిపేరు ఎలా చెయ్యాలో కూడా తెలుస్తుంది. వీల్ బేరింగ్ పూర్తిగా గిర్రున తిరుగుతుంది కాబట్టి గ్రీజు ఎప్పటికప్పుడు అంతటా పాకుతుంది. కింగ్‌పిన్ బేరింగ్‌కి ఆ భాగ్యం లేదు. స్టీరింగ్ తిప్పినప్పుడు కాస్త అటు, కాస్త ఇటు కదులుతుంది, అంతే. తిన్నని రోడ్డు మీద గంటల తరబడి రోలర్లు ఒకే చోట ఉండి అదురుతూ ఉంటాయి, ఆ అదురుకి మధ్యలోంచి గ్రీజు పక్కకి పోతుంది, ఇక ఇనుము ఇనుముని కొడుతుంది. పైగా నకిల్ సీల్ పాడైతే నీళ్లూ బురదా తోడు. అందుకే కొంతమంది చేసే షిమ్ తీసి బిగించే వైద్యం పనికిరాదు. గాట్లు పడిన రేస్‌ని బిగిస్తే చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు రోలర్లు గుంటల్లో కూర్చుని వదులుగా ఉంటాయి, తిప్పగానే గుంట ఎక్కి బిగుసుకుంటాయి. మలుపు తర్వాత స్టీరింగ్ దానంతటది వెనక్కి రాకుండా మొండికేస్తే అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి. బేరింగులు, రేసులు నాలుగు సెట్లూ మార్చాల్సిందే, ఒక పక్క మార్చి ఇంకో పక్క వదిలేసే పని కాదు.

పాత రేస్‌ని ఇత్తడి కడ్డీతో లోపలి వైపు నుంచి చుట్టూ కొంచెం కొంచెంగా తట్టి దించాలి. కొత్తది కూర్చునేటప్పుడు సుత్తి దెబ్బ శబ్దం మారుతుంది, అడుగంటిందనడానికి అదే గుర్తు. తర్వాత ప్రీలోడ్, అంటే బేరింగ్‌కి ముందే ఇచ్చే బిగుతు. షిమ్ తీస్తే బిగుతు పెరుగుతుంది, వేస్తే తగ్గుతుంది. నకిల్ సీల్ ఇంకా బిగించకుండా, టై రాడ్ విప్పి ఉన్నప్పుడే, ఆ టై రాడ్ రంధ్రానికి స్ప్రింగ్ కాటా తగిలించి లాగి, నకిల్ కదలడం మొదలైన క్షణంలో కాటా చూపించే అంకెని సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన అంకెతో పోల్చుకోవాలి. చేతి అంచనాతో చేసేవాళ్లు ఉన్నారు. కాటాతో చెయ్యడమే నాకిష్టం, ఎందుకంటే రెండు పక్కలా ఒకే బిగుతు వచ్చిందని నమ్మకం కుదురుతుంది. ఎలాగూ విప్పాం కాబట్టి లోపలి ఆయిల్ సీళ్లు, నకిల్ సీళ్లు, ఆ చిరిగిన టై రాడ్ ఎండ్ కూడా కొత్తవి వేసి, జాయింటులోకి మాలిబ్డినం గ్రీజు వేళ్లతో నొక్కి నొక్కి నింపాను.

వాబ్లింగ్ పోయింది. డ్యాంపర్ ఊడదీసి నడిపినా రాలేదు. ఆ రోజు కలిగిన ఆనందం ఏ యాక్సెసరీ కొన్నా రాలేదు నాకు.

ఇక టైర్లు. నా బండికి 205/70 ఆర్15, అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ 15 అంగుళాలు. లెక్క కడితే ఎత్తు 668 మిల్లీమీటర్లు. అందరూ ఆశపడే 235/75 ఆర్15 అయితే 733. తేడా 65, కానీ యాక్సిల్ కింద మనకి దక్కేది అందులో సగం, 33 మిల్లీమీటర్ల లోపే. దానికి మనం ఇచ్చుకునేది చాలా ఉంది. టైరు పదో వంతు పెద్దదైతే చక్రం దగ్గర ఇంజిన్ లాగుడు, బ్రేకు పట్టు రెండూ దాదాపు అంత మేరా తగ్గినట్టే, స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే బండి 66లో పోతుంటుంది. గేర్ రేషియో మార్చకుండా చిన్న ఇంజిన్ మీద అంత పెద్ద టైరు నాకు నచ్చదు. 215/75 దగ్గర ఆగాను, 703 మిల్లీమీటర్లు, బండి తన స్వభావం పోగొట్టుకోకుండా చక్కగా లాగుతోంది.

లిఫ్ట్ విషయంలో కూడా, అందరూ చవగ్గా అయిపోతుందని పొడుగు షాకిల్స్ (పట్టీ కొసని ఛాసిస్‌కి వేలాడదీసే కొక్కేలు) వేస్తారు. షాకిల్ అయిదు సెంటీమీటర్లు పొడుగు పెంచితే బండి లేచేది రెండున్నరే. షాకిల్ ముందు వైపున్న బండ్లలో ఇంకో నష్టం కూడా ఉంది, పట్టీ ముందు కొస కిందకి దిగడం వల్ల యాక్సిల్ కాస్త ముందుకి తిరుగుతుంది, క్యాస్టర్ (కింగ్‌పిన్ వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గిపోతుంది. క్యాస్టర్ తగ్గితే స్టీరింగ్ తిన్నగా నిలబడదు, స్పీడులో బండి అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంది. పట్టీకీ యాక్సిల్‌కీ మధ్య వెడ్జ్ (ఏటవాలు ముక్క) పెట్టి సరిచెయ్యొచ్చు గానీ, నేను అసలు షాకిలే మార్చలేదు. కుంగిపోయిన పాత కమాన్ పట్టీలు తీసి కొత్తవి, కొత్త బుష్‌లు వేస్తే ఇన్నేళ్లలో పోయిన ఎత్తంతా తిరిగొచ్చింది. చాలామంది లిఫ్ట్ కావాలనుకునే బండ్లకి నిజానికి కావాల్సింది ఇదే.

మాడిఫికేషన్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కంటికి కనపడనే కనపడదు, యాక్సిల్ లోపలికీ బయటికీ గాలి ఆడనిచ్చే బ్రీదర్ పైపులు. చాలాసేపు నడిచి వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి నీళ్లు పీల్చుకుంటుంది. యాక్సిల్ మీదుండే చిన్న బ్రీదర్ వాల్వ్ మట్టితో మూసుకుపోతే సీళ్ల దగ్గర నుంచే పీల్చుకుంటుంది. తర్వాత ఎప్పుడో ఆయిల్ దింపితే పాలు కలిపిన టీలా వస్తుంది, అప్పటికే బేరింగులకి తుప్పు. రెండు యాక్సిళ్లకీ, గేర్‌బాక్స్‌కీ, ట్రాన్స్‌ఫర్ కేస్‌కీ రబ్బరు గొట్టాలు వేసి ఇంజిన్ బేలో పైదాకా తెచ్చి కట్టేశాను. యాక్సిల్ కిందకి పైకి ఊగుతుంది కాబట్టి గొట్టం కాస్త వదులుగా ఉంచాలి, సైలెన్సర్ గొట్టానికి దూరంగా. ఒక్క మధ్యాహ్నం పని, ఒక డిఫరెన్షియల్‌ని కాపాడుతుంది.

బ్రేకుల సంగతి క్లుప్తంగా. పాత రబ్బరు గొట్టాలు బయటికి బాగానే ఉన్నా లోపల ఉబ్బి దారి మూసుకుపోతాయి, పెడల్ వదిలాక కూడా ఒక చక్రం పట్టేసి ఉంటే ముందు గొట్టాన్నే అనుమానించండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీలుస్తుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది, ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడేది ఇలాగే.

హెడ్‌లైట్లకి ఎల్‌ఈడీలు కొనే ముందు బల్బు దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. రెండు బల్బులకీ కలిపి పది ఆంపియర్ల దాకా కరెంటు, అదంతా పాత స్విచ్‌లోంచి, సన్నటి వైర్లలోంచి పోవాలి. వోల్టేజీ పది శాతం తగ్గితే హాలోజెన్ బల్బు వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. బ్యాటరీ దగ్గర నుంచి ఫ్యూజు పెట్టి రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్‌లు), మందపాటి వైరు, మంచి ఎర్త్ వేశాక నాకు అవే పాత బల్బులు చాలు.

కొత్త పట్టీలతో కొత్త యూ బోల్టులే (పట్టీని యాక్సిల్‌కి బిగించే యూ ఆకారపు బోల్టులు) వేశాను, అవి ఒకసారి బిగిస్తే సాగుతాయి, మళ్లీ వాడకూడదు. పట్టీలు సర్దుకున్నాక నట్లు వదులవుతాయి కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో ఇంకోసారి చూడాలి, ఈ ఆదివారం ఆ పనే ఉంది. అది అయ్యాక ట్రాన్స్‌ఫర్ కేస్ మౌంట్ రబ్బర్లు. మూడింటిలో ఒకటి చీలింది, సెకండ్ గేర్‌లో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే కింద నుంచి దబ్‌మని వినపడుతోంది.