శనివారం కాబట్టి ఆరు వేలు ఎక్కువ

దక్షిణ కొరియాలోని సువాన్‌లో ఏం చూశావని అడిగితే కోట చూశానని చెప్పాలి, మర్యాదకైనా. 1794లో మొదలుపెట్టి 1796లో ముగించిన గోడ, ఐదున్నర కిలోమీటర్ల పైన చుట్టుకొలత, యునెస్కో బోర్డు, అన్నీ ఉన్నాయి. గోడ మీద గంటన్నర నడిచాను, మోకాళ్లు పట్టేశాయి, దిగిపోయాను. నెల తిరిగాక కూడా గుర్తుంటున్నది మాత్రం ఆ తర్వాత బఫేలో కూర్చున్న రెండు గంటలే.

మావాడు ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్, ఆరేళ్లుగా సువాన్‌లోనే ఉద్యోగం. "సియోల్లో కూర్చుని ఏం చేస్తావురా, శనివారం ఇటు వచ్చెయ్, మంచి భోజనం పెట్టిస్తా" అన్నాడు. సియోల్ స్టేషన్లో మెట్రో ఒకటో లైను ఎక్కితే గంట. గంటా నిలబడే వెళ్లాను, ఎందుకంటే పెట్టె చివర పెద్దవాళ్లకి వదిలిన సీట్లు ఖాళీగానే ఉన్నా ఒక్క కుర్రాడూ వాటి వంక చూడటం లేదు. మన ఆర్టీసీ బస్సులో స్త్రీల సీట్లలో ధీమాగా కూర్చునే వీరులు గుర్తొచ్చి, నేనూ బుద్ధిగా కడ్డీ పట్టుకున్నాను.

హోటల్ గుమ్మంలోనే చిరాకు మొదలైంది. మామూలు రోజు మధ్యాహ్నమైతే మనిషికి 19,900 వొన్లు, శనాదివారాలు 25,900. వెయ్యి వొన్లంటే రమారమి అరవై రూపాయలు, లెక్కేసుకోండి. అదే అన్నం, అదే గరిటె, శనివారం అయినందుకు మూడు వందల అరవై అదనం! పైగా రెండు గంటలే టైము, ప్లేటులో వదిలేస్తే జరిమానా అని బల్ల మీదే చీటీ. పెళ్లిలో విస్తట్లో వదిలేస్తే మా పెదనాన్న చూసే చూపు ఉచితం, ఇక్కడ దానికీ బిల్లు.

లోపల పాతకాలపు ఇల్లు సెట్టింగు. పెంకుల చూరు, కాగితం తలుపులు, వరసగా మట్టి జాడీలు, హన్‌బోక్ అనే వాళ్ల సంప్రదాయ దుస్తులు కట్టుకుని ప్లేట్లు ఎత్తే పిల్లలు. మన హైవేల మీద ఎడ్లబండి చక్రం గోడకి కొట్టి 'పల్లె రుచులు' అనే హోటళ్లు లేవూ, అచ్చం అలాగే. గోడ నిండా ఊరేగింపు బొమ్మలు, గుర్రాలు, జెండాలు, వందల మంది మనుషులు. జొంగ్జో అనే రాజు 1795లో వాళ్లమ్మకి అరవై నిండే ఏడని సియోల్ నుంచి ఇక్కడికి తీసుకొచ్చి విందు చేశాడట, థీమ్ అదన్నమాట. షష్టిపూర్తి భోజనం! మన ప్రభవ విభవల్లాగే వీళ్లకీ అరవై ఏళ్ల చక్రం ఉంది, తిరిగి మొదటికొస్తే పండగ.

ఓ మూల పెద్ద చెక్క పెట్టె ఉంది, దాని మీద పేలాల బుట్ట. అదేంటంటే, "బియ్యం పెట్టె" అని మావాడు తింటూనే చెప్పుకొచ్చాడు. ఆ రాజు తండ్రి సాదోని, సాదో సొంత తండ్రే 1762లో బియ్యం పెట్టెలో పెట్టి మూయించాడట. ఎనిమిది రోజులకి పోయాడు. మన దగ్గర షష్టిపూర్తి అంటే మొగుడికి అరవై నిండటం, ఇద్దరినీ మళ్లీ పీటల మీద కూర్చోబెట్టడం. ఇక్కడ ఆ పెద్దావిడ ఒక్కతే. ఇద్దరూ 1735లోనే పుట్టారు, బతికుంటే ఆయనకీ అదే ఏడు అరవై. ఆవిడ విందు పేరు పెట్టుకున్న హోటల్లో ఆ పెట్టెని పేలాలకి స్టాండు చేసినవాడు ఈ కథ తెలిసే చేశాడా? పిల్లలు మాత్రం వచ్చి గుప్పిళ్లతో తీసుకుపోతున్నారు. నేను ఆ వైపు పోలేదు.

మొదటి ప్లేటు నుంచీ నాకో జబ్బు పట్టుకుంది. ఉల్లికాడలు వేసిన అట్టు తింటే మన అట్టే అన్నాను. గోచుజాంగ్ అనే మిరప ముద్ద నాకి, కొరివికారంలో బెల్లం వేసినట్టుంది అన్నాను. గుమ్మడికాయ జావ, సరే. మొద్దు చలిమిడిని వేపిన పిండిలో దొర్లించినట్టు ఓ స్వీటు, అదీ మనదే. గొడ్డు మాంసం, పంది మాంసం నేను తినను కాబట్టి ఆ వరస మొత్తం దాటేసి ఆకుకూరల దగ్గరే తచ్చాడుతూ, ఇది తోటకూర, అది బచ్చలి అంటూ ఉంటే మావాడికి ఒళ్లు మండింది.

"ఒరేయ్, కాస్త ఆపుతావా? అన్నీ మనవే అయితే ఇంత దూరం ఎందుకొచ్చావు? ఇంటి దగ్గరే తినకపోయావా?"

ఆపాను. వాడే వెళ్లి గోధుమరంగు ముక్కలు తెచ్చి నా ముందు పెట్టాడు. "దోతొరిముక్. ఓక్ చెట్టు కాయల పిండితో చేస్తారు. దీనికి చెప్పు పోలిక."

ఆ స్టీలు చాప్‌స్టిక్ పుల్లలతో ఒక్క ముక్క పట్టుకుందామంటే జారి సోయా పులుసులో పడింది. మళ్లీ పట్టాను, రెండైంది. మూడోసారి చొక్కా మీద. పక్క బల్ల దగ్గర బామ్మగారు చూసి చూసి, చెంచా నా ప్లేటు పక్కన పెట్టి ఏదో అంది, "పుల్లల్ని వదిలెయ్ నాయనా" అని మావాడి అనువాదం. తింటే చల్లగా, కాస్త వగరుగా, రుచి ఉందో లేదో తేలేలోపు గొంతు దిగిపోయింది. నిజంగానే పోలిక దొరకలేదు. మావాడు గెలిచినట్టు మొహం పెట్టాడు.

చివర్లో, కాఫీ మిషను పక్కన మూత పెట్టిన గిన్నె ఉంది. సుంగ్న్యుంగ్. అన్నం తీశాక అడుగున పట్టిన మాడులో నీళ్లు పోసి మరిగిస్తారు, అంతే. వేడిగా, మాడువాసనతో. నేను నోరు విప్పలేదు, ఒట్టు. వాడే రెండో గిన్నె తెచ్చుకున్నాడు. ఉప్పు వేసుకున్నాడు. సోయాలో ఊరేసిన ఉల్లిపాయ నంజుకుంటూ, "మా అమ్మమ్మ ఇందులో కాస్త మజ్జిగ పోసేదిరా, ఒక్క ఊరమిరపకాయ ఉంటేనా..." అన్నాడు.

"ఇందాక ఏదో అన్నావు?"

"మాట్లాడకు. ఇంకా పద్నాలుగు నిమిషాలే ఉంది" అని మూడో గిన్నెకి లేచాడు.