మూడడుగుల మేర

భాద్రపద శుద్ధ ద్వాదశి వామన జయంతి. వినాయక చవితి సందడిలో చాలా ఇళ్లలో అది గుర్తుండదు. అయిదారేళ్ల పిల్లలున్న ఇంట్లో మాత్రం ఆ రోజును వదులుకోకూడదు. అవసరమేదో, కోరికేదో వాళ్లకు తెలియజెప్పడానికి పోతన భాగవతం అష్టమ స్కంధంలోని బలి వామనుల మాటలకు మించిన పాఠం లేదు.

ఏం కావాలో అడగమంటూ బలి చక్రవర్తి మేలి వస్త్రాలు, మాడలు (బంగారు నాణేలు), గోవులు, గుర్రాలు, రత్నాలు, రథాలు, ఏనుగులు, గ్రామాలు ఏకరువు పెడతాడు. వటువుగా, అంటే బాల బ్రహ్మచారిగా వచ్చిన వామనుడి జవాబు: ‘గొడుగో జన్నిదమో కమండలువొ నాకున్ ముంజియో దండమో’. గొడుగు, జంధ్యం, కమండలం, ముంజగడ్డి మొలతాడు, చేతికర్ర. అయిదే వస్తువులు. ఏనుగు చెడ్డదని ఆయన అనలేదు. బ్రహ్మచారి నిత్యం చేసుకునే పనికి దాంతో అక్కర లేదన్నాడు. కొలత అదే.

అందుకే ‘ఇది నీకు అవసరమా?’ అని అడగకండి. ఆ వయసులో ఇష్టమైనదల్లా అవసరమే. ‘దీంతో రోజూ ఏం చేస్తావు?’ అని అడిగితే ఆలోచిస్తారు. బడికి తీసుకెళ్లే నీళ్ల సీసా వటువు కమండలమే. పాతది బాగానే ఉండగా అడిగే బొమ్మల సీసా బలి చదివిన పట్టికలోది. అలా అడగడం తప్పని మాత్రం చెప్పొద్దు.

తరవాత వామనుడు అడిగిన మూడడుగుల నేలకు గుర్తుగా ముగ్గుపిండితో ఒక గడి గీయించండి. మడమకు వేళ్లు ఆనిస్తూ వేసిన వాళ్ల అడుగులే కొలత: పొడవు మూడు, వెడల్పు మూడు. ఆరేళ్ల పాదానికి అరమీటరు పైచిలుకు వస్తుంది. రేపటికి కావలసినవి అందులో సర్దమనండి. బడి సంచీకే సగం పోతుంది, ఇక ఒకటి పెట్టాలంటే ఒకటి తీయాలి. ఆ తీసేది వాళ్లే తీయాలి. పెద్దలు చెయ్యి పెడితే అది శిక్ష అయిపోతుంది. గడి బయట మిగిలినవాటిని అటక మీదికి చేర్చారంటే మరుసటి ఏడు పిల్లలు ముందే దాచుకుంటారు. సాయంత్రానికల్లా అన్నీ వాటి చోటికి చేరాలి.

నైవేద్యం పెట్టిన పెరుగన్నం వాళ్ల చేతే పంచించండి. గిన్నె చిన్నదై ఉండాలి, పంచేవారి వంతు చివర. మొదటి ఇద్దరికీ గరిటె నిండా వేస్తారు, చివరికి అడుగంటుతుంది. అప్పుడు వంటింట్లోకి పరిగెత్తి మళ్లీ నింపారా, పాఠం పోయినట్టే. ఆ సమయంలోనే వామనుడు బలితో అన్న ఈ కందం చదవాలి:

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తం బగు లేశమైనఁ బదివే లనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే?

అన్నిటికీ ఎగబడకుండా, లేనిదానికి ఏడవకుండా, దొరికింది రవ్వంతైనా పదివేలనుకోలేనివాడు ఏడు దీవులిచ్చినా కుదుటపడడు. అయితే పంచేముందు పిల్లలకు కడుపునిండా భోజనం పెట్టాలి. ఆకలితో ఉన్నవాడికి తృప్తి గురించి చెప్పడం అన్యాయం. అన్నమో మందో పుస్తకమో అడిగిన పిల్ల నోరు మూయించడానికి ఈ పద్యం వాడడం మహాపాపం. అవన్నీ గొడుగు పక్కన నిలిచేవే.

కాస్త పెద్ద పిల్లలు తప్పక అడుగుతారు: మూడడుగులే చాలని అడిగి లోకాలన్నీ తీసుకున్నాడు కదా? దాటవేయకండి. స్వామి తనకేమీ ఉంచుకోలేదు, బలి గెలుచుకున్న స్వర్గాన్ని ఇంద్రుడికి తిరిగిచ్చాడు. మాట తప్పని బలికి పాతాళ లోకాల్లో ఒకటైన సుతలమిచ్చి, తానే అక్కడ ద్వారపాలకుడయ్యాడు. ఇంతవరకూ చెప్పకుండా కథ ఆపేస్తే పిల్లల మనసులో వామనుడు మాయచేసినవాడిగానే మిగిలిపోతాడు.