ముప్పై ఆరే ఉన్నాయి

డాలస్‌లో పుట్టిన మా పాప ఫోన్‌లో వేల ఫోటోలున్నాయి. వాటిలో మా అమ్మవి ఎన్నో తనకే తెలియదు. పోయిన వేసవిలో నల్లగొండ వెళ్లినప్పుడు బీరువాలో మా నాయన యాషికా ఎంఎఫ్-2 ఫిల్మ్ కెమెరా దొరికింది. కొత్త సెల్లులు వేస్తే ఫ్లాష్ వెలిగింది. హైదరాబాద్ నుంచి కొడాక్ గోల్డ్ 200 రీలు తెప్పించాను. ఒక్కటే. 36 ఫోటోలు.

నా చిన్నప్పుడు దసరాకు వేసిన రీలు ఉగాదికి గాని అయిపోయేది కాదు. గడియారం సెంటర్ దగ్గర స్టూడియోలో కడగడానికిచ్చి, ఎవరు కళ్లు మూశారో అని ఒకటే టెన్షన్.

మొదటి రోజే పాప తొమ్మిది కొట్టేసింది: గేటు, కుక్కపిల్ల, కాగితంపూల చెట్టు. అంకె చూసుకున్నాక చెయ్యి ఆగింది. ఎవరైనా ఇంటికొస్తే నన్ను పక్కకు లాగి, "ఈయన మనకేమవుతారు?" అని అడిగేది. చెప్పాకే ఫోటో. చిన్నాయన, పెద్దబాపు, మేనత్త. డాలస్‌లో అందరూ అంకుల్, ఆంటీలే. ఆదివారం తెలుగు క్లాసులో ఎంత చెప్పించినా ఎక్కని వరసలు ఆ రీలు అయ్యేలోపు నోటికొచ్చాయి. నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లాను. గర్భగుడిలో పగలంతా చోటు మారకుండా నిలిచే నీడను చూసి పాప మాట్లాడలేదు. ఫ్లాష్ వెయ్యమన్నాను. "వేస్తే నీడ పోతుంది కదా," అంది. అంత చీకట్లో ఆ కెమెరాకు వెలుతురు చాలదని తెలిసీ నేను అడ్డు చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో రీలును చేతిసంచిలో పెట్టుకున్నాం. స్కానర్‌లో పెడితే పాడవుతుందని, చేత్తోనే చూడమని ఎయిర్‌పోర్టులో బతిమాలింది పాపే.

డాలస్‌లో కడిగించాం. గుడి ఫోటో నల్లగా వచ్చింది. అయినా పాప దాన్ని పారేయనివ్వలేదు. మా అమ్మ ఫోటో మసకగా వచ్చింది. ఆ కెమెరాకు ఫోకస్ తిప్పుకునే వీలు లేదు, నాలుగైదు అడుగుల దూరంలోనైనా నిలబడాలి. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ కళ్లద్దాలు సర్దుకుంది.

"నా మొకమేదే బిడ్డా? అంతా మబ్బు మబ్బుగున్నది."

పాప మాటలు వెతుక్కుంటూ కాసేపు ఆగింది.

"నేను బాగా దగ్గరికొచ్చిన, అమ్మమ్మా."