ఎర్ర గీత బండి చేతికొచ్చింది

ఇవాళ పార్సిల్ వచ్చింది. హాట్ వీల్స్ బొమ్మ కార్లు సేకరించేవాళ్ల కోసం ఉన్న రెడ్ లైన్ క్లబ్ బండి, 1:64 సైజు, అంటే అసలు కారు పొడవులో 64వ వంతు. పోయినసారి రంగు నచ్చిందా లేదా అని నేను ఆలోచిస్తూ కూర్చునేసరికి అన్నీ అమ్ముడైపోయాయి. ఎన్నాళ్లు బాధపడ్డానో! ఈసారి ఒక్క క్షణం ఆగలేదు.

దీనికి వేసింది స్పెక్ట్రాఫ్లేమ్ రంగు. మెరిసే లోహం మీద పల్చగా, పారదర్శకంగా పూస్తారు. కిటికీ దగ్గర తిప్పి చూస్తే లోపల దీపం పెట్టినట్టే ఉంది. 1968లో వచ్చిన హాట్ వీల్స్ మొదటి 16 మోడళ్లకూ ఇదే మెరుపు, టైర్ల మీద ఎర్ర గీత. క్లబ్ పేరు ఆ గీత నుంచే వచ్చింది.

డబ్బా విప్పితే విలువ తగ్గుతుందంటారు. తగ్గనీ, విప్పేశాను. గోటితో బానెట్ మెల్లగా ఎత్తాను. లోపల బుల్లి ఇంజన్! పొద్దుట్నుంచీ పక్కనే పెట్టుకున్నా.